గాలపు తీగను వంచు పనిముట్టు

గాలముతో చేపలు పట్టుటను గురించి మాటలాడునప్పుడు కర్ర, దారము, ఎర అను మూటినే అందరు తలంతురు. తీగను వంచి గాలముగా మార్చు చిన్న పనిముట్టును తలంచువారు అరుదు. కాని గాలము నిలుచునదియు, విరుగునదియు ఆ వంపు కడనే. నేడు అనేక దేశములలో వినోదార్థము చేపలు పట్టువారు తీగ, రేకు, పూసలు తెచ్చుకొని కృత్రిమపు ఎరలను ఇంటిలోనే చేసికొనుచున్నారు. తీగను వంచుటకు ఏ పనిముట్టు కొనవలెనన్నది వారికి మొదట కలుగు ప్రశ్న. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీని చరిత్ర ఐదువందల ఏండ్లకు పైబడినది.

1496వ సంవత్సరమున ఇంగ్లండులోని వెస్టుమినిస్టరులో వింకిన్ డి వర్డ్ అను ముద్రాపకుడు ఒక సంపుటమును వెలువరించెను. ఆ దేశమున తొలి ముద్రణాలయమును నెలకొల్పిన కాక్స్‌టన్‌కు ఇతడు వారసుడు. వేటను, డేగలను గురించిన ఆ సంపుటములో గాలముతో చేపలు పట్టు విధానమును తెలుపు ప్రకరణ మొకటి చేర్చబడినది. జూలియానా బెర్నర్స్ అను సన్యాసిని దానిని రచించినట్లు ప్రతీతి కలదు గాని, అందుకు గట్టి ఆధారము లేదు. చేపలు పట్టువాడు సమకూర్చుకొనవలసిన సామగ్రి యంతటిలోను గాలమును చేయుటయే మిక్కిలి కష్టమైన పని యని ఆ ప్రకరణము చెప్పుచున్నది.

అందుకు కావలసిన పనిముట్లను కూడ అది పేర్కొన్నది: సన్నని ఆకురాళ్లు, ఇనుప బిగింపు, వంపుసాధనము, పొడవైన సన్నని పటకారు, కొంచెము మందమైన గట్టి కత్తి, దాగలి, చిన్న సుత్తి. పాఠకునికి తెలియుటకై పనిముట్ల బొమ్మలను సయితము ముద్రించిరి.

ఇక పని జరుగు తీరు చూడుడు. చిన్న చేపలకు సన్నని ఉక్కు సూది, పెద్ద చేపలకు దర్జీవాని సూది, చెప్పులు కుట్టువాని ఆరె మొన తీసికొనవలెను. దానిని బొగ్గుల నిప్పులో ఎఱ్ఱగా కాల్చి చల్లారనిచ్చినచో ఉక్కు మెత్తబడును. అప్పుడు కత్తితో ముల్లును లేపి, మొనను పదును చేయవలెను. మరల కాల్చి మెత్తపరచి, పిమ్మటనే వంచవలెను. లేనిచో వంచునప్పుడు విరుగును. కాడ చివరను సుత్తితో వెడల్పు చేసి, దారము కోసికొనిపోకుండ ఆకురాతితో నునుపు చేయవలెను. కడపట మరియొకసారి ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచినచో గాలము గట్టిపడును. మన కమ్మరి కొలిమిని చూచినవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. ఇందులో వంపుసాధనము పాత్ర స్వల్పము. ముఖ్యమైన పనిని నిప్పే చేయుచున్నది.

సూది వంగినచో గాలమగును గనుక సూదుల పరిశ్రమయు, గాలముల పరిశ్రమయు ఒక్కచోటనే పెరిగినవి. ఇంగ్లండులో వూస్టర్‌షైరునందలి రెడిచ్ పట్టణము రెంటికిని పేరొందినది. నార్వేలో 1832లో మేకులు, ఉక్కు తీగ చేయుటకై ఆరంభమైన మూస్తాద్ వారి కర్మాగారములో 1877లో మథియాస్ టాప్ గాలములు చేయు యంత్రమును కనిపెట్టెను. చేతితో చేసిన పని యంత్రము పాలయ్యెను.

ఆ కాలముననే ఎర కూడ రూపు మార్చుకొనెను. అమెరికాలో జూలియో బ్యూయెల్ చెంచా ఆకారపు లోహపు ఎరకు 1852లో పేటెంటు పొందెను. నీటిలో చెంచా నుండి జారిన మెరుపునకు చేప ఆశపడుట చూచి అతనికి ఆ ఊహ కలిగినదని కథ యొకటి చెప్పుకొందురు. ఫ్రాన్సులో 1938లో ఆంద్రే మెల్నార్ నెలకొల్పిన మెప్స్ సంస్థ తిరుగుడు రేకుల ఎరకు ప్రసిద్ధి తెచ్చినది. ఇట్టి ఎరకు తీగయే ఇరుసు. రేకు దాని చుట్టు తిరుగును; పై ఉంగరమునకు దారము, క్రింది ఉంగరమునకు మూడు ముళ్ల గాలము తగిలింతురు. చేప బరువంతయు ఆ రెండు ఉంగరముల మీదనే పడును.

ఇంతలో లోహము కూడ మారినది. 1912లో జర్మనీలోని క్రుప్ సంస్థ క్రోమియము, నికెలు కలిసిన త్రుప్పు పట్టని ఉక్కునకు పేటెంటు పొందెను. నేడు ఎరలకు వాడు తీగ చాలవరకు ఆ జాతిదే. దీని స్వభావము సూది ఉక్కునకు విరుద్ధము. చల్లగా ఉండగనే సన్నని రంధ్రముల గుండ లాగుటచే దీనికి బిగువు కలుగును. ఎఱ్ఱగా కాల్చినచో ఆ బిగువు పోవును. నీటిలో ముంచినను తిరిగి రాదు. కనుక 1496 నాటి ఉపదేశము ఇక్కడ చెల్లదు. నిప్పు చేయు పనిని ఇప్పుడు పనిముట్టే చేయవలెను. దాని ఎంపికకు ఇంత ప్రాధాన్యము వచ్చుటకు కారణ మిదియే.

నాలుగైదు ఎరలు చేసికొనువానికి గుండ్రని మొనల పటకారు చాలును. దాని మొన చివరకు సన్నగిలుచుండును గనుక, ఒకేచోట గురుతు పెట్టుకొని వంచినచో ఉంగరములన్నియు ఒకే కొలతలో వచ్చును. పండ్లున్న పటకారు కూడదు. అది తీగపై చేయు గాట్ల వద్దనే పగులు మొదలగును. పదునైన అంచు మీద వంచుటయు తగదు. వంపు లోపలి గుండ్రము తీగ మందమునకు తగ్గకుండుట మేలు. పదులకొలది చేయువానికి బల్లపై బిగించు వంపుయంత్రము మంచిది. తీగను గాడిలో నిలిపి, పిడిని త్రిప్పినచో అది నిలువు కడ్డీ చుట్టు వంగును. కాని కొనుటకు ముందు, తాను వాడు మిక్కిలి మందపు తీగకు అది పనికివచ్చునా యని విచారింపవలెను. గట్టి తీగ వంచిన పిమ్మట కొంత వెనుకకు విచ్చుకొనును గనుక, కావలసినదానికంటె కొంచెము ఎక్కువ వంచవలెను. తీగ చివరను కాడ చుట్టు రెండు మూడు చుట్లు చుట్టినచో ఉంగరము భద్రముగా నుండును.

ఉంగరము విచ్చుకొనినచో మనకు పోవునది ఒక ఎర మాత్రమే. చేప మాత్రము మూడు ముళ్లను నోట నుంచుకొని నీటిలోనికి పోవును. ఎర చేయువాడు ఈ బాధ్యతను మరువరాదు. ముందు లోహమును తెలిసికొని, పిమ్మట పనిముట్టును ఎన్నుకొనుము. నిప్పు పోయి యంత్రము వచ్చినను, ఆ పాత ప్రకరణములోని ఈ క్రమము మాత్రము నేటికిని మారలేదు.