పసిగట్టు

సెన్సర్‌ను పుస్తకాల తెలుగులో ‘గ్రాహకం’ అంటారు, ‘సంవేదకం’ అని కూడా అంటారు. రెండూ నోట నలిగే మాటలు కావు. ‘పసిగట్టు’ మన దగ్గరే ఉంది. నేరవార్తల్లోనూ డిటెక్టివ్ నవలల్లోనూ తిరిగి తిరిగి అది ‘కనిపెట్టు’కు మారుపేరైంది గానీ, దాని పుట్టుక కంటిది కాదు, ముక్కుది. పసి అంటే వాసన, జంతువు గాలిలో పట్టే జాడ. (పసిపిల్లల పసి వేరు.)

ఈ తేడా చెన్నై నీళ్ళ దగ్గర అక్కరకొస్తుంది. మణలిలోని చమురు శుద్ధి, పల్లావరంలోని తోళ్ళ శుద్ధి వంటి పరిశ్రమల మురుగులో ఫినాల్ జాతి రసాయనాలుండటం మామూలు. ఫినాల్ పేరుకు మూలం ‘వెలిగించు’ అనే గ్రీకు మాట, దీపాల గ్యాసు రోజుల్లో ఫ్రెంచి రసాయనవేత్త లోరాఁ పుణ్యం. తీరా నీళ్ళలో కలిశాక అది కంటికి ఆనదు. క్లోరిన్ తగిలిందంటే మాత్రం క్లోరోఫినాల్‌గా మారి మందుల వాసన కొడుతుంది. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) లీటరుకు 0.001 మిల్లీగ్రాము దగ్గరే గీత గీసిందంటే అందులో ముక్కుకూ వాటా ఉంది.

తరమణిలో శాఖ ఉన్న కారైక్కుడి పరిశోధన సంస్థ పేరులోనే విద్యుత్ రసాయనం ఉంది. నీళ్ళలో ఫినాల్‌ను పట్టడానికి ఆ శాస్త్రం వాడే కిటుకు చిన్నదే. కార్బన్ ఎలక్ట్రోడ్‌కు తగిన ఓల్టేజి ఇస్తే ఫినాల్ ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఆ కరెంటే కొలత. చిక్కల్లా, అలా వదిలిన అణువులు ఒకదానికొకటి అతుక్కుని ఎలక్ట్రోడ్ మీద పొరకట్టడం. కాశిమేడు చేపలరేవులో చాలాసేపు నిలబడ్డవాడి ముక్కులా అది మొద్దుబారుతుంది.

నీళ్ళు దాటి తిండి దగ్గరికొస్తే అసలు చిక్కు. టీకీ కరక్కాయకూ వగరునిచ్చేవీ ఫినాల్ చుట్టాలే. గ్రాహకం వాటినీ విషాన్నీ ఒకే కరెంటుగా గ్రహిస్తుంది. పసిగట్టడం అది కాదు, నూరు వాసనల్లో ఒక్కదాని జాడ పట్టడం. కోసిన వంకాయను నల్లబరిచే ఎంజైము జాతికే చెందిన టైరోసినేజ్‌ను ఎలక్ట్రోడ్‌కు అద్దితే వల కొంత చిన్నదవుతుంది, కానీ టీలోని ఫినాళ్ళు అందులోనూ పడతాయి. పాలీకార్బొనేట్ నీళ్ళ క్యాన్ల నుంచి ఊరే బిస్‌ఫినాల్-ఎ కోసమైతే, ఆ ఒక్క అణువు ఆకారానికే గుంటలు తీర్చిన పాలిమర్ పొరలు తయారుచేస్తున్నారు. వాటిని పసిగట్టేవి అనడానికి నాకు అభ్యంతరం లేదు.