వాక్యంలో కర్త ఎక్కడ?

మా తమ్ముడికి హీమోఫీలియా. పడినా పడకపోయినా మోకాలు వాచేది. వాపు పైకి కనబడకముందే అమ్మ అరచెయ్యి ఆనించి ‘వెచ్చబడింది’ అనేది. లోపల రక్తం కారుతోందని అర్థం. ఈ జబ్బు తల్లి నుంచి కొడుక్కి వస్తుందని డాక్టరు చెప్పిన రోజు నుంచీ నాయనమ్మ దృష్టిలో అమ్మ దోషి. దాదాపు మూడోవంతు కేసుల్లో అంతకుముందు కుటుంబంలో ఎవరికీ ఈ జబ్బు ఉండదని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అప్పటికి నాయనమ్మ లేదు.

తమ్ముడికి కావలసింది ఫాక్టర్ ఎనిమిది అనే ప్రోటీన్. అది మహా సున్నితం. కణాలతోపాటు వెచ్చటి ద్రవంలో రోజుల తరబడి ఉంచితే పాడైపోతుంది. అందుకే 1993లో అమెరికాలో అనుమతి పొందిన కోజెనేట్‌ని ఆగకుండా సాగే పద్ధతిలో తయారుచేశారు. హామ్‌స్టర్ కూన మూత్రపిండ కణాలున్న పాత్రలోకి కొత్త పోషకద్రవం వస్తూంటుంది, వాడిన ద్రవం మందుతో సహా బయటికి పోతూంటుంది, కణాలు మాత్రం లోపలే నిలుస్తాయి. ఇలాంటి పాత్రల్లో ఉష్ణోగ్రత, ఆమ్లత, ఆక్సిజన్ ఎంతున్నాయో సెన్సార్లు ఎప్పటికప్పుడు చెబుతాయి. కణాలు మితిమీరితే కొన్నిటిని తీసేస్తారు.

సెన్సార్లకు ముందు ఈ కాపలా ఎవరిది? సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, వాక్యంలో కర్త కోసం వెతకడం నాకు అలవాటు. శాస్త్ర పత్రాల్లో కర్త దొరకడు. ‘కణాలు పరిశీలించబడ్డాయి.’ తెలుగులో ఎబ్బెట్టుగా ఉండే ఈ వాక్యం ఇంగ్లీషులో హుందాగా చెలామణీ అయిపోతుంది.

1951లో జాన్స్ హాప్‌కిన్స్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారం నుంచి, ఆమెని అడగకుండానే, కణితి ముక్క తీశారు. దాన్ని తరిగి గాజుగొట్టాల్లో పెట్టి, పెరుగుతోందా లేదా అని రోజూ చూసింది మేరీ కుబిచెక్ అనే సహాయకురాలు. ఆ ప్రయోగశాలని శుభ్రంగా, కట్టుదిట్టంగా నడిపింది నర్సుగా శిక్షణ పొందిన మార్గరెట్ గై. చరిత్రకెక్కిన పేరు ఆమె భర్త జార్జిది.

పోలియో టీకా పరీక్షలకి ఆ కణాలు భారీగా కావలసివచ్చినప్పుడు అలబామాలోని టస్కిగీలో పెంచారు. 1953 నుంచి 1955 లోపల దాదాపు ఆరు లక్షల కల్చర్లు పంపారు. గాజుసామాను కడగాలి, ద్రవం మార్చాలి, మైక్రోస్కోపులో చూసి కణాలు లెక్కపెట్టాలి. ఆ పనిచేసిన నల్లజాతివాళ్ళలో చాలామంది స్త్రీలు. 1983లో ఈ చరిత్ర రాసింది మాత్రం దాన్ని నడిపించిన ఇద్దరు మగవాళ్ళు, బ్రౌన్, హెండర్సన్.

చూడడం ఎప్పుడూ కాపాడడమే అనుకోవడానికీ లేదు. అదే టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళని వైద్యం చెయ్యకుండా ఊరికే గమనిస్తూ కూర్చున్నారు. ఆ పత్రాల్లోనూ వాళ్ళు ‘పరిశీలించబడ్డారు’.

తమ్ముడిప్పుడు ఇంజక్షన్ తనే చేసుకుంటాడు. ఇంటికొస్తే అమ్మ మాట్లాడుతూనే వాడి మోకాలిమీద చెయ్యి వేస్తుంది.