ప్రజల మనిషిని వ్రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి గారు



నేను నివసించునది హైదరాబాదు నగరములోని నారాయణగూడ. ఇచట మాడపాటి హనుమంతరావు గారి పేర నొక బాలికల ఉన్నత పాఠశాల కలదు. దాని పుట్టుక 1928 నాటిది. ఆ బడి కథ కొంత చెప్పనిదే, ఈనాడు నేను ప్రసంగింపదలచిన నవలాకారుని కాలము మీకు కన్నులకు కట్టదు. ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పుదుమనగా నిజాము ప్రభుత్వమువారు గుర్తింపు నీయలేదు. 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. కావున ఈ బడిని పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధింపవలసివచ్చెను. తెలుగు పిల్లలు తెలుగున చదువుకొనుటకు మహారాష్ట్రమునుండి అండ తెచ్చుకొనిరన్నమాట!

ఇందొక చమత్కారము కలదు. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కార సభ జరిగినపుడు అధ్యక్షులు ఆ కర్వే గారే. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగున మాటలాడ లేచినంతనే కొందరు గేలిచేసి, కేకలువేసి ఆయనను సాగనీయలేదు. మనసు నొచ్చిన తెలుగువారు కొందరు ఆ రాత్రియే కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. అదియే పెరిగి, 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభగా సమావేశమాయెను.

సొంత ఊరిలో సొంత మాట పలుకుటయే సాహసకార్యమైన ఆ దినములలో, నల్లగొండ జిల్లాలో ఒక పేదపిల్లవాడు పెరుగుచుండెను. ఆయనయే వట్టికోట ఆళ్వారుస్వామి గారు. ఆయన జీవితమును పటములతో చూపు గ్రంథమునొకదానిని ఎవరైన కూర్చినచో బాగుండునని నాకు చిరకాలముగా కోరిక. రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు గదా! అందులో ఏయే పటములుండవలెనో మాటలతోనే చెప్పెదను. మీరు మనసున చిత్రించుకొనుడు.

మొదటి పటము నకిరేకల్లు సమీపముననున్న చెరువు మాధవరము. అచటనే 1915 నవంబరు 1న ఆయన జన్మించిరి. తండ్రి చిన్నతనముననే గతించిరి. ఇల్లు గడుచుట కష్టమాయెను. బాలుడు ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేసిపెట్టుచు, ఆ ఉపాధ్యాయుని వలన చదువు నేర్చుకొనెను. పూర్వము గురుకులములలో శిష్యులు సమిధలు తెచ్చి, గోవులను కాచి విద్య గడించిరని మనము పురాణములలో వినియున్నాము. ఇది పురాణము కాదు, నూరేండ్ల లోపటి మాట. తరువాత ఆయన విజయవాడ చేరి ఒక హోటలులో వడ్డించు పనికి కుదిరిరి. ఏ పరీక్షయు ప్యాసుకాలేదు, ఏ పట్టమును పొందలేదు. చేతికి దొరికిన పుస్తకమెల్ల చదివిరి.

పిదప హైదరాబాదునకు వచ్చి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దు ఉద్యోగమున చేరిరి. ఈ పత్రికను 1926లో ప్రారంభించినవారు ప్రతాపరెడ్డి గారు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని ఎవరో ఆక్షేపింపగా, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి సమాధానము చెప్పిన మహనీయులు వారు. అట్టివారి కార్యాలయమున అచ్చుతప్పులు దిద్దుట చిన్న పనియని తలంపవలదు. వర్ణక్రమము, వాక్యాన్వయము, విరామము చేతికి అలవడుటకు అంతకుమించిన పాఠశాల లేదు. ముప్పదియేండ్లు పిల్లల వ్యాసములు దిద్దినవాడనగుటచేత ఈ మాట ధైర్యముగా చెప్పగలను.

1938 ఏప్రిలులో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు స్వర్గస్థులైరి. అమృతాంజనము అమ్మిన ధనమును ఆంధ్రపత్రికకును, ఆంధ్రగ్రంథమాలకును ధారపోసిన వదాన్యులు వారు. ఆ సంవత్సరముననే ఆళ్వారుస్వామి గారు వారి బిరుదము పేర దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. పంతులు గారికి వ్యాపారమున సిరి కలదు. ఈయనకున్నదెల్ల రెండు కాళ్లు, ఒక భుజము. అచ్చువేయించిన పుస్తకములను మూటగట్టి, భుజమున మోసికొని, ఊరూర తిరిగి అమ్మెడివారు. నా దృష్టిలో ఆ గ్రంథమునకు ముఖపత్రముగా ఉండవలసిన పటము ఇదియే.

ఆనాటి పల్లె ఎట్టిదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. మీ తాతముత్తాతల నోట వినియే యుందురు. ఊరినడుమ దొర గడీ. దొర ఎదుట చెప్పులు విడువవలెను. చాకలి, మంగలి, కుమ్మరి మొదలు మాలమాదిగల వరకు అందరును వంతులవారీగా కూలిలేని చాకిరి చేయవలెను. గిర్దావరు వచ్చినను, అమీను వచ్చినను వారి సామాను మోయువాడు వెట్టివాడే. కోళ్లు, నెయ్యి, కట్టెలు ఊరివారే సమకూర్పవలెను. సభ జరుపుకొందుమన్న గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అడ్డు. ముందుగ అనుమతి పొందనిదే నలుగురు కూడి మాటలాడ వలనుపడదు. అట్టి ఊరిలోనికి పుస్తకముల మూటతో ఒకడు వచ్చెనన్న, దొరకును పోలీసువారికిని అనుమానము పుట్టుట సహజము.

మరి కొనువారెవ్వరు? ఊరిలో అక్షరము వచ్చినవారు పట్వారీ, పూజారి, బడిపంతులు, పదిమంది రైతులు మాత్రమే. పుస్తకము అమ్మవలెనన్న వారి అరుగులమీద కూర్చుండవలెను. వారి మాట వినవలెను. పన్ను పెరిగిన సంగతి, పొలము పోయిన సంగతి, ఆడబిడ్డ గడీలో దాసియైన సంగతి చెవినిబడును. నవలాకారుడు కావలెనని ఎవ్వరును అట్లు తిరుగరు. కాని ఆ తిరుగుటయే ఈయనను నవలాకారుని చేసినదని నా విశ్వాసము. వ్రాయుటకు ముందు ఆయన చదువరులను పోగుచేసికొనిరి. తన కథలోని మనుష్యులు ఆ చదువరుల ఇరుగుపొరుగువారే. నేడు మా పేటనానుకొనియున్న చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయమున ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువకులు ఉదయమునుండి చోటుకై పోటీపడుచుందురు. ఆనాడు పల్లెలకు గ్రంథాలయము నడచి పోవలసియుండెను, ఈయన కాళ్లతో.

తరువాతి పటము చెరసాల. ఆంధ్రమహాసభలోను, కార్మికసంఘములలోను పనిచేసినందులకు ఆయన పలుమారులు నిర్బంధింపబడిరి. నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్యులు గారు ఆయనకు తోడి ఖైదీ. దాశరథి గారు బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాయుట, జైలువారు చెరిపివేయుట, ఆళ్వారుస్వామి గారు వానిని కంఠస్థము చేయుట జరిగెనని చెప్పుదురు. దాశరథి గారు తమ అగ్నిధారను ఈయనకే అంకితమిచ్చిరి. రాజులకు కృతులిచ్చి అగ్రహారములు పొందిన కవులను గూర్చి మేము చదువుకొన్నాము. పుస్తకములమ్ముకొను ఖైదీకి కృతినిచ్చుట మా అలంకారశాస్త్రములలో లేని విశేషము. ఆయనయు ఊరకుండలేదు. చెరలో చూచిన మనుష్యులను గూర్చి వ్రాసిన కథలు జైలు లోపల అను పేర 1952లో వెలువడినవి.

ఇక ప్రజల మనిషి నవల. దీని కథ 1934 మొదలు 1940 వరకు గల తెలంగాణమునకు సంబంధించినది. దేశముఖు రామభూపాలరావు, ఆచార్యుల ఇంట పుట్టిన కంఠీరవము ఇందు ఎదురెదురుగ నిలుతురు. పొలము కోల్పోయిన కుటుంబమునుండి వచ్చిన ఆ పిల్లవాడు చదువుకొని, లోకము చూచి, ఊరివారి పక్షమున నిలుచుటయే కథాసారము. వెట్టి ఇందులో కలదు, మతము మార్పుల కలహము కలదు, ఆంధ్రమహాసభయు కలదు. తెలంగాణ జీవితమును యథాతథముగ చూపిన మొదటి నవల ఇదియేయని విమర్శకులు పలువురు భావింతురు. అంతకుముందు 1922 ప్రాంతమున ఉన్నవ లక్ష్మీనారాయణ గారు గుంటూరు సీమ పేదలను గూర్చి మాలపల్లి వ్రాసిరి. అదియు చెరసాలలో పుట్టినదే. ఈ రెండింటిని ఒకచో పెట్టి చదివినచో రెండు రాజ్యముల క్రిందనున్న తెలుగు పల్లె తెలియును.

పండితుడనై దోషమెన్నకున్న నా చదువునకు సార్థకత యేమి? ఈ నవలలో ఉపన్యాసములు అచ్చటచ్చట దీర్ఘములు. కొన్ని పాత్రలు మంచికి మంచి, చెడ్డకు చెడ్డ, నడుమ మెట్టు లేదు. ఉర్దూ పదములు విరివిగ నున్నవని మావంటివారు కొందరు ముఖము చిట్లించిరి. ఈ చివరి ఆక్షేపమును మాత్రము నేనంగీకరింపను. జమాబందీ, రసీదు, దస్తఖత్తు అనకుండ ఆనాటి రైతు కచేరిలో బ్రతుకజాలునా? గడీ ముందర నిలిచినవాని నోట శుద్ధాంధ్రము పలికించినచో అది నాటకపు వేషమగును గాని మనిషి కాదు.

విడుదలైన పిమ్మట ఆయన మరల పుస్తకములకే మరలిరి. కాళోజీ నారాయణరావు గారి నా గొడవను ప్రచురించిరి. 1953లో అలంపురమున జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలలో శ్రీశ్రీ గారు దానిని ఆవిష్కరించిరి. ఒకరి గ్రంథము అచ్చుకు ఎక్కించుటలో ఆయన చూపిన ఆత్రము తన గ్రంథము విషయమున చూపినట్లు కానరాదు. 1940 నుండి 1945 వరకు గల కథను గంగు అను రెండవ నవలగా వ్రాయ మొదలిడిరి. అది ముగియకముందే 1961 ఫిబ్రవరి 5న గుండె ఆగి మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 45 ఏండ్లు మాత్రమే. వ్రాసినంతవరకు గల గంగు 1965లో, అసంపూర్ణముగనే, అచ్చుపడినది.