వీసా కౌంటర్ దగ్గర ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారు? కొండ కూలీల కాలం నుంచి మన దాకా



మన గూడేల నుంచి, తండాల నుంచి పై చదువులకు విదేశాలకు పోవాలనుకునే పిల్లలు ఇప్పుడు ప్రతి ఏడాదీ కనిపిస్తున్నారు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ దగ్గర పడేకొద్దీ అందరిదీ ఒకటే గుబులు. ఏం అడుగుతారు, ఏం చెప్పాలి? కోచింగ్ సెంటర్లు ప్రశ్నలూ జవాబులూ జిరాక్స్ తీసి చేతిలో పెడతాయి, బట్టీ పట్టమంటాయి. మనం ఈ పోస్టులో ఇంకో ప్రశ్న వేసుకుందాం. అసలు ఎందుకు అడుగుతారు? ఎప్పటి నుంచి అడుగుతున్నారు? ఆ సంగతి తెలిస్తే బట్టీ పట్టాల్సిన పని చాలా వరకు తప్పుతుంది. పైగా ఈ చరిత్రలో మనోళ్లు మొదటి నుంచీ ఉన్నారు.

మొదట ప్రశ్నలు అడిగింది మనోళ్లనే

1834లో బ్రిటిష్ పాలకులు తమ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేశారు. చెరకు తోటలకు కూలీలు కావాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబర్ 2న కలకత్తా నుంచి బయలుదేరిన 'అట్లాస్' అనే ఓడ మారిషస్ చేరింది. అందులో 36 మంది కూలీలు. బ్రిటిష్ కాగితాల్లో వాళ్లను 'కొండ కూలీలు' అని, 'ధాంగర్లు' అని రాశారు. ఛోటానాగ్‌పూర్ అడవుల నుంచి వచ్చిన ఆదివాసీలు వాళ్లు. మారిషస్‌లో ఇప్పటికీ నవంబర్ 2ను వాళ్ల జ్ఞాపకంగా జరుపుకుంటారు. 1838 మే నెలలో బ్రిటిష్ గయానా చేరిన 'విట్‌బీ', 'హెస్పరస్' ఓడల్లోనూ చాలామంది ఈ ధాంగర్లే.

అక్రమాలు జరుగుతున్నాయని గొడవ రావడంతో 1837లో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. దాని ప్రకారం ఓడ ఎక్కే ముందు కూలీ, అతన్ని తీసుకెళ్లే ఏజెంటు ఇద్దరూ ప్రభుత్వం నియమించిన అధికారి ముందు నిలబడాలి. ఒప్పందం షరతులు కాగితం మీద చూపాలి. కూలీకి ఆ షరతులు తెలుసో లేదో, ఇష్టపడే పోతున్నాడో లేదో అధికారి చూడాలి. ఆలోచిస్తే ఇదీ ఒక ఇంటర్వ్యూనే. కాకపోతే అడిగే భాష అధికారిది, అర్థం చెప్పేది మధ్యవాడు, జవాబు ఏం చెప్పాలో ముందే నేర్పేది దళారి. సముద్రం ఎంత దూరమో, తోటలో పని ఎట్లా ఉంటుందో ఎరగని మనిషి 'సరే' అంటే అది ఇష్టం కింద రాసుకున్నారు. ఆరోపణలు ఆగకపోవడంతో 1839లో కూలీల ఎగుమతిని ఆపేశారు. 1842లో మారిషస్‌కు మళ్లీ తెరిచారు. ఆ కూలీ పద్ధతి 1917 దాకా నడిచింది.

మన తెలుగు నేలకూ ఇందులో పాలుంది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది మారిషస్‌కు, నాటల్‌కు, బర్మాకు పోయారు. కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అని పిలిచేవాళ్లు.

యుద్ధంతో వచ్చిన కాగితం

అప్పట్లో డబ్బున్నవాడు, చదువుకునేవాడు దేశం దాటాలంటే ఇంత తతంగం లేదు. 1913లో డాక్టర్ అంబేద్కర్ బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. అప్పటికి అమెరికా వెళ్లడానికి ముందుగా కాన్సులేట్‌లో వీసా తీసుకునే పద్ధతి లేదు. తనిఖీ ఏదైనా ఓడ దిగిన చోటే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక కథ మారింది. గూఢచారులు వస్తారన్న భయంతో దేశాలన్నీ తలుపులు మూశాయి. 1917లో అమెరికా, బయటి నుంచి వచ్చేవాళ్లు తమ కాన్సుల్ దగ్గర వీసా తీసుకునే రావాలని ఆదేశించింది. మన దేశంలో 1920లో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. యుద్ధం అయిపోయింది గానీ కాగితం పోలేదు.

ఆ 1917లోనే అమెరికా ఇంకో చట్టం చేసింది. ఆసియాలో ఎక్కువ భాగాన్ని, అందులో ఇండియాను కూడా, గీత గీసి పక్కన పెట్టింది. ఆ గీత లోపలివాళ్లు కూలీలుగా, కాపురం ఉండడానికి రాకూడదు. కొందరికి మాత్రం మినహాయింపు. వాళ్లలో విద్యార్థులు ఒకరు. 1924 చట్టం తలుపును ఇంకా బిగించింది, విద్యార్థికి దారి మాత్రం ఉంచింది. చదువుకోసమే రావాలి అన్నది షరతు. ఇక్కడ మనం ఆగి చూడాలి. విద్యార్థి వీసా అనేది మూసిన తలుపులో పెట్టిన చిన్న కిటికీ లాంటిది. 'చదువుకోవడానికి రా, ఉండిపోవడానికి కాదు' అన్న మాట దాని పుట్టుకలోనే ఉంది.

తర్వాత 1946లో భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా ఇచ్చారు. 1965లో దేశాల వారీ పాత కోటాలు ఎత్తేశారు. తలుపు తెరుచుకుంది గానీ విద్యార్థి మీద పాత షరతు అట్లాగే మిగిలింది.

పాస్‌పోర్టు వల్ల మన దగ్గర ఆగిన మనిషి

కాగితం మనిషిని ఎట్లా మార్చేస్తుందో చెప్పడానికి ఆదిలాబాద్ వాళ్లకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్తుడు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు అయింది. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియాలో ఉన్నాడు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్తుడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదని కట్టడి చేశారు. ఆ కట్టడిలోనే ఆయన చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, గోండుల మధ్య తిరిగాడు. కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల కష్టాలు నిజాం సర్కారుకు రాసిచ్చాడు. మార్లవాయిలో ఉండి గోండు పిల్లల చదువుకు, గోండు టీచర్ల శిక్షణకు పని చేశాడు. ఆయన, ఆయన భార్య బెట్టీ సమాధులు ఇవాళ మార్లవాయిలోనే ఉన్నాయి.

ఆ మనిషి మారలేదు, మనసు మారలేదు. అట్టమీద రాజ్యం పేరు మారింది, అంతే. అధికారి మన మనసును చూడలేడు. కాగితాన్ని, మన రెండు మాటలను మాత్రమే చూడగలడు. ఇది మనసులో పెట్టుకోవాలి.

ఇవాళ్టి ప్రశ్న ఏ చట్టం నుంచి వచ్చింది

1952లో అమెరికా చేసిన ఇమిగ్రేషన్ చట్టమే ఇప్పటికీ పునాది. అందులో 214(బి) అనే సెక్షన్ ఉంది. వీసా రానివాళ్లకు ఇచ్చే చీటీ మీద ఎక్కువగా కనిపించే నంబరు అదే. దాని సారం ఇది: వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని అధికారి ముందుగా అనుకోవాలి. కాదని చూపించే బాధ్యత అడిగేవాడిదే. కోర్టులో అయితే నేరం రుజువయ్యేదాకా మనం నిర్దోషులం. కౌంటర్ దగ్గర దీనికి తలకిందులు. కాబట్టి అధికారి మొహం గంభీరంగా ఉంటే అది మన కులం మీదో, రంగు మీదో కోపం అనుకోవద్దు. చట్టమే ఆయన్ను అనుమానంతో మొదలుపెట్టమంది.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఇంకా గట్టి చేశారు. 2003 ఆగస్టు నుంచి చాలామందికి మనిషి ఎదురుగా నిలబడే ఇంటర్వ్యూ తప్పనిసరి అయింది. వేలిముద్రలు వచ్చాయి. విద్యార్థుల వివరాలన్నీ ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్లాయి. మన వైపు వాళ్లు అప్పట్లో ఇంటర్వ్యూకు చెన్నై పోవాల్సి వచ్చేది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు. 2023లో నానక్‌రామ్‌గూడకు మార్చారు. 2025 జూన్ నుంచి విద్యార్థులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలని చెప్పారు.

ఇప్పుడు ప్రశ్నలను చూడండి. ఆ యూనివర్సిటీ ఎందుకు, ఆ కోర్సు ఎందుకు, ఖర్చు ఎవరు పెడతారు, చదువయ్యాక ఏం చేస్తావు? ఇవన్నీ ఒకే ప్రశ్నకు కొమ్మలు. నువ్వు నిజంగా చదువుకే పోతున్నావా? ఉన్న రెండు మూడు నిమిషాల్లో ఆయన తేల్చుకోవాల్సింది ఇదే.

మన ఇబ్బందులకూ చరిత్ర ఉంది

ఒకటి, పేరు. మనకు ఇంటిపేరు, గోత్రం, సగ అన్నీ ఉన్నాయి. కానీ బడిలో సారు ఒకలా రాస్తాడు, ఆధార్‌లో ఒకలా పడుతుంది, కుల ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటుంది. పుట్టిన తేదీ చాలామందికి బడిలో చేర్చిన రోజు పెట్టినదే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరు వేరేగా అచ్చవుతుంది. ఈ తేడాలన్నీ పాస్‌పోర్టుకు పెట్టకముందే, అంటే డిగ్రీలో ఉండగానే సరి చేయించుకోవాలి. ఇంటర్వ్యూ తయారీ అక్కడ మొదలవుతుంది.

రెండు, భూమి. ఏజెన్సీలో మన భూమిని 1/70 చట్టం కాపాడుతోంది. గిరిజనేతరులకు అమ్మడానికి లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మలేం. మన పెద్దలు కొట్లాడి తెచ్చుకున్న ఈ రక్షణ వల్లే బ్యాంకు మామూలు ఆస్తిలా దాన్ని తనఖా పెట్టుకోవడానికి వెనకాడుతుంది. మైదానం పిల్లవాడు నాన్న ఇంటి విలువ కోటి అని కాగితం చూపిస్తాడు. మనకు ఆ కాగితం ఉండదు. దీనికి చిన్నబోయి తప్పుడు వాల్యుయేషన్ చేయించుకోవద్దు. ఆస్తి లెక్కకూ వీసాకూ నేరుగా ముడి లేదు. మొదటి ఏడాది ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో నిజంగా, స్పష్టంగా చెప్పగలగాలి.

మూడు, డబ్బు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మంది గిరిజన విద్యార్థులకు ఇస్తుంది. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది. ఈ డబ్బు విడతలుగా వస్తుంది. కాబట్టి మొదట్లో కట్టాల్సిన ఫీజు, విమాన ఖర్చు ఎట్లా అన్నది వేరేగా చూసుకోవాలి. మంజూరు పత్రం ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. సర్కారు మనల్ని ఎంచి పంపుతోందంటే అది చిన్న మాట కాదు. అంబేద్కర్ వెళ్లింది కూడా స్కాలర్‌షిప్ మీదే.

నాలుగు, ఇంగ్లిష్. యాస గురించి భయం వద్దు. 1837లో మనోడి నోట్లో మాట వేరేవాడు పెట్టాడు. ఇవాళ మన మాట మనమే చెప్తున్నాం. చిన్న వాక్యాలు, అడిగినదానికే జవాబు, అర్థం కాకపోతే మళ్లీ అడగమనడం. ఇది చాలు. బట్టీ పట్టిన జవాబు రోజూ వందలమందిని చూసే అధికారికి తెలిసిపోతుంది.

దళారి మారాడు, పని మారలేదు

కూలీల కాలంలో ఊళ్లు తిరిగి జనాన్ని పోగు చేసే దళారిని ఆర్కాటీ అనేవాళ్లు. తలకింత అని కమీషన్. ఇవాళ ఏసీ ఆఫీసులో కూర్చున్న కొందరు కన్సల్టెంట్లు చేసేదీ అదే. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన తెలుగు పిల్లలు కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనేది అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ అని తేలింది. పట్టుబడినవాళ్లలో తెలుగు విద్యార్థులు చాలామంది. దొంగ బ్యాంకు కాగితం, దొంగ అనుభవ పత్రం బయటపడితే అమెరికా చట్టం జీవితాంతం తలుపు మూయగలదు. కాగితం తయారు చేసినవాడి తలుపు కాదు, సంతకం పెట్టినవాడి తలుపు. దరఖాస్తు ఫారం ఎవరు నింపినా ప్రతి గడీ మీరే చదవండి. అందులో ఉన్నదీ మీ నోటితో చెప్పేదీ ఒకటే కావాలి.

రాకపోతే?

1967 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు విదేశాలకు వెళ్లే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తీర్పు ఇచ్చింది. ఆ వెంటే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అంటే మన దేశం నుంచి బయటికి పోవడం మన హక్కు. ఇంకో దేశంలోకి పోవడం మాత్రం ఆ దేశం ఇచ్చే అనుమతి. ఈ రెండూ కలిపి చూస్తే నిరాశ తగ్గుతుంది. వీసా రాకపోతే అది మన తెలివి మీద, మన జాతి మీద ఇచ్చిన తీర్పు కాదు. పరిస్థితి మారినప్పుడు మళ్లీ అడగొచ్చు.

అంబేద్కర్ తన చిన్న ఆత్మకథకు పెట్టిన పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. అందులో ఉన్నది అమెరికా వీసా సంగతి కాదు. కొలంబియాలో చదివి వచ్చినవాడికి బరోడాలో అద్దెకు గది దొరకని సంగతి. సొంత దేశంలోనే అనుమతి కోసం కాచుకోవాల్సిన మనుషుల సంగతి. జైపాల్ సింగ్ ముండా ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్‌గా ఆడి, రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసీల తరఫున మాట్లాడాడు. ఇద్దరూ దూరం పోయి చదివారు, ఆ చదువును తమ జనం కోసం వాడారు.

అందుకే ఇంటర్వ్యూకు ముందు రోజు రాత్రి జవాబుల జిరాక్స్ పక్కన పెట్టి అమ్మానాన్నలతో కూర్చోండి. నాకు ఈ చదువు ఎందుకు, దీంతో తర్వాత ఏం చేస్తాను అన్నది మన భాషలో, గోండీలోనో, కోయలోనో, లంబాడీలోనో, సవరలోనో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. ఇంట్లో చెప్పగలిగిన మాట కౌంటర్ దగ్గర ఇంగ్లిష్‌లో చెప్పడం కష్టం కాదు.

వెళ్లేవాళ్లందరికీ శుభాకాంక్షలు. జోహార్.