సిల్వీ బుగ్గ మీది రంగు
వన్-నార్త్‌లో గుర్రపు నాడాలా వంగిన శాండ్‌క్రాలర్ భవనం చూసే ఉంటారు. 2014లో ప్రారంభమైన ఆ భవనంలో లూకాస్‌ఫిల్మ్ వాళ్ల స్టూడియో ఉండేది. మూసేస్తున్నామని 2023లో ప్రకటించారు. అక్కడ కంప్యూటర్లలో తయారైన బొమ్మల వెనక ఓ ఇల్లాలి ముఖం ఉందని మీకు తెలుసా?

కంప్యూటర్ బొమ్మంటే చిన్న చిన్న పలకల అతుకు. ఒక్కో పలకకీ విడిగా రంగేస్తే అతుకులు బయటపడతాయి. యూటా విశ్వవిద్యాలయంలో హెన్రీ గూరో 1971లో ఉపాయం చెప్పాడు: పలకలు కలిసే మూలకి ఒకే రంగు ఇచ్చి, మూల నుంచి మూలకి మెల్లగా మార్చుకుంటూ పోవాలి. అప్పుడు బుగ్గ నున్నగా కనిపిస్తుంది. అందుకు భార్య సిల్వీ ముఖం మీదే గీతలు గీసి కొలిచాడు. తర్వాత ఇంకా మెరుగైన పద్ధతులొచ్చాయి. ఈ పద్ధతికి మాత్రం గూరో పేరే నిలిచింది. సిల్వీ పేరు మనమైనా పిల్లలకి చెబుదాం.