లంకెబిందెలు

హైదరాబాద్ లాల్‌దర్వాజా గల్లీల్లో పాత ఇల్లు పడగొట్టి పునాది తవ్వుతుంటే చాలు, "ఏం భాయ్, లంకెబిందెలు దొరికినయా?" అని ఎవరో ఒకరు అడగక మానరు. లంకె అంటే బంధం. ఒకదానికొకటి గొలుసుతో కలిపి పాతిపెట్టిన ధనం బిందెలన్నమాట. కథల్లో దానికో పాము కాపలా. పక్కింటి ఉర్దూలో అదే దఫీనా; దఫన్ చేసింది, అంటే పూడ్చిపెట్టింది.

సంస్కృతం నుంచి వచ్చిన నిక్షేపం ఇంకా తమాషా మాట. దాచిన సొమ్ము పేరు కాస్తా, "నిక్షేపంగా ఉన్నాడు" అనేసరికి చీకూచింతా లేని బతుకైపోయింది. సొమ్ము భద్రంగా ఉంటే మనిషీ భద్రమేనని మనవాళ్ల లెక్క కాబోలు!

2000 మేలో అమెరికాలో జీపీఎస్‌తో మొదలైన జియోకాషింగ్ అనే ఆట ఈ దాపరికానికి పూర్తిగా తలకిందులు. డబ్బాను దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా లోకానికి చాటుతారు. దొరికినవాళ్లు లోపలి పుస్తకంలో సంతకం చేసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టాలి. నేల తవ్వి పూడ్చకూడదు. ఆట తెలియనివాళ్లకు హ్యారీ పోటర్ నుంచి తెచ్చిన ముద్దుపేరు, మగుల్స్. పాము కాపలా మాత్రం లేదు.

లంకెబిందెల ఆశ ఉన్నవాళ్లకు ఒక్క మాట: 1878 నాటి చట్టం ప్రకారం, భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాల్సిందే.