చెస్టర్టన్ చమత్కారం – స్వరాజ్య భావన: వ్యాసం వేసిన ప్రశ్న, కథ వేసిన ప్రశ్న

ఆధునిక వ్యాసం పత్రికల ఒడిలో పెరిగింది. వారం వారం పాఠకుణ్ణి పలకరించి నిలబెట్టవలసిన అవసరం దానికి సంభాషణ లక్షణాన్నీ చతురతనూ అలవరచింది. ఇంగ్లండులో ఆ అవసరం తీర్చిదిద్దిన రచయితల్లో గిల్బర్ట్ కీత్ చెస్టర్టన్ (1874–1936) ముఖ్యులు. నవల, కథ, కవిత, జీవితచరిత్ర, క్రైస్తవ విశ్వాస సమర్థన వంటి పలు ప్రక్రియల్లో రచనలు చేసిన ఆయన, ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ వారపత్రికలో 1905 నుంచి జీవితాంతం వ్యాసాలు రాశారు. అపరాధ పరిశోధన కథల పాఠకులకు ఆయన ఫాదర్ బ్రౌన్ పాత్ర సృష్టికర్తగా పరిచితులు. భారతదేశపు స్వరాజ్య చింతనతో ఆయనకున్న సంబంధం అంతగా చర్చకు రాలేదు. 1909లో ఆయన రాసిన ఒక వ్యాసం గాంధీజీని కదిలించింది. ఆ వ్యాసం బలాన్నీ పరిమితినీ ఆయన కల్పనాసాహిత్యంతోనూ, జాషువా ‘గబ్బిలం’తోనూ పోల్చి పరిశీలించడం ఈ రచన ఉద్దేశం.

చమత్కారమే తర్కం

చెస్టర్టన్ చమత్కారం మాటల గారడీ కాదు. లోకం తిరుగులేనిదిగా ఒప్పుకున్న అభిప్రాయాన్ని తలకిందులు చేసి, అప్పటికి గాని అది నిటారుగా నిలబడదని చూపడం ఆయన పద్ధతి. మన ఆలంకారికులు చెప్పిన విరోధాభాసానికి ఇది దగ్గరి చుట్టం. పైకి విరోధం తోచడం, ఆలోచిస్తే అది పరిహారం కావడం రెండింటికీ సమానమే. అయితే కావ్యంలో ఆ పరిహారం ఆహ్లాదాన్ని ఇస్తుంది. చెస్టర్టన్ వ్యాసంలో ఆ పరిహారమే వాదం అవుతుంది. నవ్వించి వదిలిపెట్టడం కాక, నవ్విన పాఠకుణ్ణి తాను దేనికి నవ్వాడో ఆలోచించుకొనేలా చేయడం ఆయన లక్ష్యం.

1904లో వెలువడిన ‘ద నెపోలియన్ ఆఫ్ నాటింగ్ హిల్’ నవల ఇందుకు మంచి నిదర్శనం. భవిష్యత్తులోని లండన్‌లో రాజైన ఒక హాస్యప్రియుడు నగరంలోని పేటలన్నింటికీ మధ్యయుగపు జెండాలూ వేషధారణలూ నిర్ణయిస్తాడు. అతనికి అదంతా వినోదం. నాటింగ్ హిల్ యువకుడు ఆడమ్ వేన్ మాత్రం దానిని ప్రాణసమానంగా స్వీకరిస్తాడు. తన పేటలోని చిన్న వీధిని మింగి పెద్ద రహదారి వేయబోతే కత్తి పడతాడు. నవల ఆరంభంలోనే, పెద్ద రాజ్యాల పాలబడిన నికరాగువా దేశపు మాజీ అధ్యక్షుడు లండన్ వీధుల్లో కనిపించి, చిన్న జాతులకు బతికే హక్కు లేదా అని నిలదీస్తాడు. సామ్రాజ్యం ఘనమైనదనీ వీధి అల్పమైనదనీ నమ్మే లోకానికి, మనిషి ప్రేమించగలిగేది వీధినే గాని సామ్రాజ్యాన్ని కాదని ఈ నవల చెబుతుంది.

ఈ దృక్పథానికి బోయర్ యుద్ధం (1899–1902) నేపథ్యం. ఇంగ్లండులో అధిక సంఖ్యాకులు సమర్థించిన ఆ యుద్ధాన్ని చెస్టర్టన్ దేశభక్తి పేరిటనే వ్యతిరేకించారు. తన దేశాన్ని ప్రేమించేవాడు పరుల దేశప్రేమను గుర్తించాలన్నది ఆయన భావన. అదే యుద్ధంలో గాంధీజీ దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ పక్షాన క్షతగాత్రుల సేవాదళాన్ని నడిపారు. పదేళ్లు తిరగకముందే ఆ ఇంగ్లీషు రచయిత వ్యాసం గాంధీజీ చేతికి చేరడం చరిత్రలోని విరోధాభాసం.

1909 నాటి వ్యాసం

1909 జులై నుంచి నవంబరు వరకు గాంధీజీ ట్రాన్స్‌వాల్ భారతీయుల ప్రతినిధిగా లండన్‌లో ఉన్నారు. సెప్టెంబరు 18న చెస్టర్టన్ తన శీర్షికలో భారత జాతీయవాదాన్ని చర్చించారు. శ్యామ్‌జీ కృష్ణవర్మ నడిపిన ‘ఇండియన్ సోషియాలజిస్ట్’ వంటి పత్రికల్లో హెర్బర్ట్ స్పెన్సర్ భావాలకు పెద్దపీట ఉండేది. చెస్టర్టన్ ఆక్షేపణ అక్కడే మొదలవుతుంది. ఈ జాతీయవాదంలో భారతీయత గాని జాతీయత గాని అంతగా కనిపించడం లేదని ఆయన వ్యంగ్యంగా అన్నారు. జయించినవారి సంస్థలనే తమకూ ఇమ్మని అడగడం ఒకటి, తమ జీవన విధానాన్ని తమకు వదలిపెట్టమని అడగడం మరొకటి అన్నది ఆయన చూపిన భేదం. తప్పో ఒప్పో మా బతుకు మాది, మిమ్మల్ని రమ్మని మేము పిలవలేదు అనే భారతీయుడు ఎదురైతే అతని జాతీయతను కాదనలేనని ఆయన వాదించారు.

గాంధీజీ ఈ వాదానికి ముగ్ధులయ్యారు. దీనిని తన ‘ఇండియన్ ఒపీనియన్’ పాఠకులకు గుజరాతీలో పరిచయం చేశారు. నవంబరు 13న ‘కిల్డోనన్ కాజిల్’ ఓడ ఎక్కి, 22వ తేదీకల్లా ‘హింద్ స్వరాజ్’ పూర్తిచేశారు. పులి అక్కర లేదు గాని పులి స్వభావం కావాలనే వారిని అందులో ఆయన మందలించిన తీరు చెస్టర్టన్ చూపిన భేదానికి చాలా సన్నిహితం. అంతమాత్రాన ఆ గ్రంథానికి చెస్టర్టన్‌ను మూలపురుషునిగా భావించడం పొరపాటు. గ్రంథం చివర గాంధీజీ ఇచ్చిన ప్రమాణ రచనల పట్టికలో టాల్‌స్టాయ్, రస్కిన్, థోరో, మాజినీ ఉన్నారు. చెస్టర్టన్ లేరు. అప్పటికే పక్వమవుతున్న భావానికి ఆయన వ్యాసం పదును పెట్టిందనడమే సమంజసం.

తెలుగునాట సమాంతర రేఖలు

ఆ కాలంలో ఆంధ్రదేశమూ ఇదే చర్చలో ఉంది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ప్రసంగించారు. 1908లో ‘స్వరాజ్య’ పత్రిక రాతలకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు కారాగారం పాలయ్యారు. 1913లో పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సువర్ణలేఖ’ పత్రికలో ‘సాక్షి’ వ్యాసాలు ఆరంభించారు. ఇంగ్లీషు మోజును చీల్చి చెండాడిన జంఘాలశాస్త్రి కొలువుదీరిన సాక్షిసంఘానికి అడిసన్, స్టీల్‌ల ‘స్పెక్టేటర్’ ఒరవడి. ఎరువు తెచ్చుకున్న చట్రంలోనే అచ్చమైన తెలుగు వాక్కు పుట్టగలదని పానుగంటి నిరూపించారు. అనుకరణ, స్వత్వం పరస్పరం పొసగవన్న చెస్టర్టన్ అభిప్రాయానికి ఇది తొలి సవరణ.

లెక్కకు రాని మనిషి

అసలు పరిమితి మరొకచోట ఉంది. మా బతుకు మాకు వదలండి అనే వాక్యంలో ‘మా’ అంటే ఎవరు? వ్యాసం ఈ ప్రశ్న వేయలేదు. విశేషమేమంటే, చెస్టర్టన్ కథ వేసింది. 1911 నాటి ‘ద ఇన్నోసెన్స్ ఆఫ్ ఫాదర్ బ్రౌన్’ సంపుటిలో ‘ద ఇన్విజిబుల్ మ్యాన్’ అనే కథ ఉంది. హత్య జరిగిన భవనాన్ని నలుగురు కాపలా కాశారు. లోనికి ఎవరూ పోలేదని నలుగురూ నిజాయితీగానే చెబుతారు. కాని తపాలా బంట్రోతు వారి కళ్లముందే వెళ్లి వచ్చాడు. అతడు వారి దృష్టిలో ‘ఎవరూ’ కాడు. ఇంట్లో మీతో ఎవరైనా ఉన్నారా అంటే, పనివారు ఎందరున్నా యజమానురాలు లేరనే చెబుతుందని ఫాదర్ బ్రౌన్ వివరిస్తాడు. పాపాలు వినే పూజారికి, సమాజం లెక్కించని మనిషి కనిపించాడు. అదే రచయితకు ‘భారతీయుడు’ అన్న ఏకవచనంలో లెక్కకు రాని భారతీయులు కనిపించలేదు.

ఆ లెక్కను తెలుగులో అడిగిన క్రైస్తవ కవి గుర్రం జాషువా (1895–1971). కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపితే, ‘గబ్బిలం’ (1941) నాయకుడైన అస్పృశ్యుడు గబ్బిలాన్ని శివుని సన్నిధికి పంపుతాడు. మనిషికి మూసిన గుడి తలుపు గబ్బిలానికి తెరిచే ఉంటుంది. పూజారి లేని వేళ అది దేవుని చెవిలో మొర వినిపించగలదు. క్రైస్తవ కవి, శివభక్తుడైన నాయకుడు, మేఘసందేశపు చట్రం – ఇదీ విరోధాభాసమే. ఈ నాయకుడు పరాయివాడు కాడు. పురాణం, కావ్యం, దైవం అన్నీ తనవేనంటాడు. ఆ ‘మా’లో తనకు చోటేదని అడుగుతాడు. పరపాలన తొలగినంత మాత్రాన అతని తలుపు తెరుచుకోదు.

ముగింపు

స్వరాజ్యానికి ‘మనది’ అన్న కొలమానాన్ని చెస్టర్టన్ వ్యాసం సూటిగా ప్రతిపాదించింది. ఆ ‘మన’లో ఎవరిని చూడటం లేదో ఆయన కథ సూచించింది. వ్యాసకర్త, కథకుడు ఒకరే అయినా ఆ రెండు చూపులూ ఆయనలో కలుసుకోలేదు. జాషువా కావ్యంలో అవి కలిశాయి. స్వదేశీ సంప్రదాయాన్ని తనదిగా చేపట్టి, దాని చేతనే సమాధానం చెప్పించబూనడం ‘గబ్బిలం’ సాధించిన విశేషం. స్వత్వాన్ని గురించిన చర్చ నేటికీ పరాయి, స్వదేశీ అన్న రెండు గదుల మధ్యనే తిరుగుతున్నది. ఆ చర్చలో మూసిన తలుపు బయట నిలిచినవాడి ప్రశ్నకు ఇవ్వవలసిన స్థానాన్ని ఈ రచనలను పక్కపక్కన చదివినప్పుడు గుర్తించగలం.